మేడ మీద కుండీల తోట: ఒక దసరా నుంచి మరో దసరా దాకా

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మేడ మీద కూరగాయలు పెంచాలని ఉబలాటపడేవారిలో చాలామంది తొలకరి చినుకు పడగానే పని మొదలుపెడతారు. పొలానికి అది సరైన అదనే గాని కుండీకి కాదు. జూన్‌లో పట్టుకున్న నైరుతి వానలు సెప్టెంబరు దాటినా వదలవు, అవి తగ్గాయనుకునే వేళకు బంగాళాఖాతంలో వాయుగుండాలు లేస్తాయి. నేలలోని మొక్క లోతుకు వేరు దింపి ఈ ఒడిదుడుకులను తట్టుకుంటుంది గాని, కుండీలోని మొక్కకు ఉన్నదంతా అడుగు లోతు మట్టే. మొదటి సంవత్సరం నేనూ జూన్‌లోనే ఇరవై కుండీల్లో పొలం నుంచి తెచ్చిన రేగడి మట్టి నింపి వంగ, మిరప నారు నాటాను. శ్రావణం వెళ్లేలోగా పదిహేడు మొక్కలు, మట్టిలో గాలి ఆడక, వేరు కుళ్లి చనిపోయాయి. ఆ అనుభవం తరువాత నా తోట పంచాంగాన్ని మార్చుకున్నాను. దసరాకు మట్టి కలిపి నారు పోయడం, కార్తీకంలో నాటడం, సంక్రాంతి ప్రాంతంలో తొలి కాయ కోయడం, ఎండల్లో ఉన్నదాన్ని నిలబెట్టుకోవడం, వానల్లో తక్కువ మొక్కలతో గడపడం అనే వరుస మన ఉత్తరాంధ్ర వాతావరణానికి సరిపోతుంది. కింద చెప్పేదంతా ఆ వరుసలోనే ఉంటుంది.

మేడ ఎంత బరువు మోస్తుందో చూసుకోవడం

మట్టి ముట్టుకోక ముందు చేయవలసిన పని ఇది. మనుషులు ఎక్కి తిరిగే చదునైన పైకప్పును చదరపు మీటరుకు సుమారు 150 కిలోల అదనపు బరువు మోసేటట్లు కట్టాలని మన దేశపు కట్టడ ప్రమాణాలు చెబుతాయి. 12 అంగుళాల కుండీలో మామూలు మట్టి నింపి, అది తడిసి ఉన్నప్పుడు తూచితే దాదాపు 25 కిలోలు తూగుతుంది. చదరపు మీటరులో అటువంటివి తొమ్మిది పడతాయి, అంటే 225 కిలోలు. అదే కుండీని కొబ్బరి పొట్టు, గత్తం (చివికిన పశువుల ఎరువు) కలిపిన తేలిక మట్టితో నింపితే 15, 16 కిలోలకు మించదు. మట్టి మిశ్రమం విషయంలో నేను తరువాత పట్టుబట్టి చెప్పబోయే మాటలకు మొక్క ఆరోగ్యం ఒక కారణమైతే ఈ బరువు లెక్క రెండో కారణం. పాత ఇళ్లలో, ఇనుము తుప్పు పట్టి పెచ్చులు రాలుతున్న స్లాబు మీద, ఈ లెక్క కూడా నమ్మకండి. అక్కడ మేడ మానేసి పెరటిలోనో వీధి అరుగు మీదనో పెట్టుకోండి.

బరువైన కుండీలను దూలాలు, స్తంభాలు, గోడలు ఉన్న వరుసలో పెట్టండి, గది నడిమధ్య పైకప్పు మీద తేలికవి మాత్రమే ఉంచండి. ప్రతి కుండీ కింద రెండు ఇటుకలు వేయడం తప్పనిసరి. దానివల్ల అడుగు రంధ్రం మూసుకుపోదు, స్లాబు ఎప్పుడూ చెమ్మగా ఉండదు, కుండీ కింద జెర్రులు చేరవు. వాన నీరు దిగే గొట్టం నోటికి మూడు అడుగుల లోపల ఏమీ పెట్టకండి.

ఎండ సంగతి కూడా ఇప్పుడే చూసుకోవాలి. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి తిరుగుతాడు గనుక, దక్షిణం వైపు మూడడుగుల పిట్టగోడ ఉంటే డిసెంబరులో మిట్టమధ్యాహ్నం వేళ కూడా దాని నీడ రెండున్నర అడుగులకు పైగా మేడ మీద పడుతుంది. ఆ నీడలో టమాటా పెడితే తీగలా సాగుతుంది గాని కాయదు. కాయగూరలకు రోజుకు ఆరు గంటల ఎండ కావాలి కాబట్టి వాటిని నడిమికో ఉత్తరం గోడ వైపుకో జరిపి, మూడు నాలుగు గంటల ఎండతో సరిపెట్టుకునే ఆకుకూరలను దక్షిణపు గోడ నీడలో సర్దండి.

దేనిలో పెంచాలి

కొత్తవారు డబ్బు ఎక్కువగా పోగొట్టుకునేది ఇక్కడే. రంగురంగుల ప్లాస్టిక్ కుండీలు ఎండకు రెండేళ్లలో పెళుసెక్కి, ఎత్తబోతే అంచు చేతిలోకి వస్తుంది. ఇంటికి రంగులు వేయించినప్పుడు మిగిలే 20 లీటర్ల బకెట్లు అంతకంటే ఎక్కువ కాలం మన్నుతాయి, ఒక వంగ మొక్కకో మిరప మొక్కకో చక్కగా సరిపోతాయి. కుమ్మరి చేసిన మట్టి కుండీ పక్కల నుంచి కూడా ఊపిరి తీసుకుంటుంది గనుక వేరుకు మంచిది, కాని అది త్వరగా ఆరిపోతుంది, బరువు కూడా ఎక్కువ. పశువులకు కుడితి పోసే సిమెంటు గోలెం మూలన పడి ఉంటే దాన్ని మేడ ఎక్కించకుండా పెరటిలోనే ఉంచి, అడుగున రంధ్రాలు కొట్టించి, కరివేపాకో నిమ్మో పెట్టండి.

నా మట్టుకు నేను అన్నిటికంటే ఎక్కువగా వాడేవి చేపల మార్కెట్టులో దొరికే థర్మకోల్ పెట్టెలు. సముద్రపు ఒడ్డు జిల్లాలలో ఇవి కొదవలేకుండా దొరుకుతాయి. అడుగు లోతు ఉంటాయి, ఖాళీది చిటికెన వేలితో ఎత్తవచ్చు, పైగా ఎండ వేడిని వేళ్ల దాకా రానివ్వవు. సబ్బు నీళ్లతో రెండుసార్లు కడిగి, మూడు రోజులు ఎండలో ఆరబెట్టి, అడుగున బొటనవేలంత రంధ్రాలు ఎనిమిది చేయండి. వాసన పూర్తిగా పోకముందే మట్టి నింపితే మొదటి వారం రాత్రిళ్లు పిల్లులు వచ్చి మట్టి తవ్వుతాయి; ఇది నాకు మూడు రాత్రుల నిద్ర ఖర్చుతో తెలిసింది.

కొలతల విషయంలో ఇంతమాత్రం గుర్తుంచుకుంటే చాలు. ఆకుకూరలకు 6 నుంచి 8 అంగుళాల లోతు, వంగ, మిరప, టమాటా, బెండలకు కనీసం 12 అంగుళాలు, ఆనప (సొర), బీర, కాకర వంటి పాదులకు 18 అంగుళాల వెడల్పు, లోతు ఉన్న డ్రమ్ము ముక్క కావాలి. ఆనప పాదును చిన్న బకెట్టులో పెట్టి పూతకు ఎదురుచూడటం వృథా.

మట్టి కలపడం

దసరా సెలవుల్లో చేయవలసిన అసలు పని ఇదే కాబట్టి దీన్ని నిదానంగా చెబుతాను. మన రెండు జిల్లాలలో మట్టి ఒకే రకంగా ఉండదు. మెట్ట ప్రాంతాల్లో ఎర్రమట్టి, నాగావళి, వంశధార ఒడ్డున ఒండ్రు, ఉద్దానం వైపు కవిటి, సోంపేట, మందస ప్రాంతాల్లో ఇసుక, పల్లపు వరి పొలాల్లో జిగట మట్టి దొరుకుతాయి. మీ చేతికి వచ్చింది ఏదో తెలుసుకోవడానికి ఒక సీసాలో మూడో వంతు మట్టి పోసి, నీటితో నింపి, గట్టిగా కుదిపి కదలకుండా ఉంచండి. ఇసుక ఒకటి రెండు నిమిషాల్లో అడుగుకు చేరుతుంది, ఒండ్రు కొన్ని గంటల్లో దిగుతుంది, బంక మట్టి మరునాటికి కూడా నీటిని మసకగానే ఉంచుతుంది. మర్నాడు పొరలు చూసి సగానికి మించి బంక పొర కనిపిస్తే ఆ మట్టిని కుండీకి వాడకండి.

ఎర్రమట్టి గాని ఒండ్రు గాని అయితే రెండు పాళ్లు మట్టి, ఒక పాలు బాగా చివికిన పశువుల గత్తం, ఒక పాలు కొబ్బరి పొట్టు కలపండి. ఉద్దానపు ఇసుక నేల వారు ఒక పాలు ఇసుక మట్టి, ఒక పాలు చెరువు మట్టి, ఒక పాలు గత్తం, ఒక పాలు కొబ్బరి పొట్టు తీసుకోవాలి, ఎందుకంటే ఇసుక ఒక్కటే నీటిని గాని ఎరువును గాని పట్టి ఉంచదు. మట్టిని గుల్లబరచడానికి ఇసుక కావలసినవారు నది ఇసుకనే వాడాలి. సముద్రపు ఒడ్డు ఇసుక దగ్గరగా, ఊరికే దొరుకుతుందని తెచ్చుకుంటే అందులోని ఉప్పుకు మొక్క ఆకు అంచులు మాడిపోతాయి. పన్నెండంగుళాల కుండీ ఒక్కొక్కదానికి 100 గ్రాముల వేపపిండి చేర్చండి.

కొబ్బరి పొట్టు గురించి ఒక హెచ్చరిక అవసరం. దుకాణంలో ఇటుకలా అమ్మే కోకోపీట్‌ను చాలావరకు కడిగే అమ్ముతారు, అయినా మరోసారి నానబెట్టి పిండటం మంచిది. కాని మన దగ్గర చాలామందికి పీచు తీసే చోటి నుంచి బస్తాల్లో పచ్చి పొట్టు తెచ్చుకునే వీలుంది. ఆ పొట్టులో ఉప్పు, వగరు రెండూ ఉంటాయి. దాన్ని మంచినీటిలో నానబెడితే నీరు చిక్కటి టీ రంగులోకి వస్తుంది. ఆ నీటిని పారబోసి, నీరు లేత రంగుకు వచ్చే దాకా మూడు నాలుగు సార్లు అలాగే పిండి వాడాలి. ఒక వాన కాలమంతా ఆరుబయట తడిసిన పాత కుప్ప నుంచి తెచ్చుకోగలిగితే ఈ శ్రమ చాలావరకు తగ్గుతుంది.

గత్తం తెచ్చినప్పుడు చేతితో నలిపి చూడండి. అది నల్లగా, పొడిపొడిగా, పేడ వాసన లేకుండా ఉండాలి. పచ్చి పేడ కుండీలో మురుగుతూ వేడెక్కి లేత వేళ్లను చంపుతుంది. కొబ్బరి తోటల దాపున ఉన్న గత్తపు కుప్పల్లో బొటనవేలంత లావున, తెల్లగా, వంకర తిరిగిన పురుగులు ఉంటాయి. అవి కొబ్బరి చెట్టు మొవ్వును తొలిచే కొమ్ము పురుగు పిల్లలు. అవి తినేది చివుకుతున్న పదార్థాన్నే అయినా, అడుగు లోతు కుండీలో అంత పెద్ద పురుగు తిరిగితే లేత వేళ్లు తెగక మానవు, వేసిన ఎరువు కూడా నెలలో పిప్పి అవుతుంది. అందుచేత గత్తాన్ని జల్లెడ పట్టి, దొరికిన పురుగులను కోళ్లకు వేయండి.

కలిపిన మట్టిని తడి చేసి, గోనెపట్టా కప్పి, పది పదిహేను రోజులు నీడన ఉంచి అప్పుడు కుండీలకు ఎత్తాలి. కుండీ అడుగున కంకర పొర వేస్తే నీరు బాగా పారుతుందని తరతరాలుగా చెప్పుకుంటున్నాం గాని, జరిగేది వేరు. సన్నని మట్టి నుంచి పెద్ద రాళ్ల సందుల్లోకి నీరు తేలిగ్గా దిగదు, పై మట్టి పూర్తిగా నిండితే తప్ప కిందికి జారదు. దానివల్ల తడి పొర వేళ్లకు మరింత దగ్గరగా పైకి జరుగుతుంది, ఉన్న లోతు కూడా తగ్గిపోతుంది. రంధ్రం మీద ఒక పెంకు ముక్క బోర్లించినా, గుప్పెడు కొబ్బరి పీచు పెట్టినా చాలు. పైన రెండు అంగుళాలు ఖాళీ వదిలి మట్టి నింపండి.

ఇంటి మట్టి మీద అనుమానం తీరనివారు ఆమదాలవలసలోని కృషి విజ్ఞాన కేంద్రాన్ని గాని, విజయనగరం జిల్లా వారైతే ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్న రస్తాకుంటుబాయిలోని కేంద్రాన్ని గాని సంప్రదించవచ్చు.

నారు, విత్తనం

విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను దసరా తరువాత వచ్చే మంగళవారం ఊరేగుతుంది. నేను ఆ వారాన్నే నారు పోసే వారంగా పెట్టుకున్నాను. టమాటా నారు 25 నుంచి 30 రోజులకు, వంగ నారు 30 నుంచి 35 రోజులకు, మిరప నారు దాదాపు 40 రోజులకు నాటడానికి సిద్ధమవుతాయి గనుక, తుపానుల ఒత్తిడి తగ్గుముఖం పట్టే వేళకు మొక్కలు చేతికి వస్తాయి. నవంబరులోనూ తుపానులు రాకపోవు, కాని నారు వరండాలో ట్రేలలో ఉంటే వాటిని లోపలికి జరపడం రెండు నిమిషాల పని.

నారుకు సగం కొబ్బరి పొట్టు, సగం వానపాముల ఎరువు కలిపిన మిశ్రమం చాలు. విత్తనాన్ని దాని మందానికి రెండింతల లోతుకు మించి పూడ్చకండి. రకాల ఎంపికలో కుండీకి పొట్టి రకాలు మేలు. బెంగళూరులోని ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన అర్క అనామిక బెండ, ఆకు ఈనెలు పసుపెక్కే పల్లాకు తెగులును తట్టుకునే రకంగా పేరు పొందింది. టమాటాలో అర్క రక్షక్ కూడా అక్కడిదే. మన వంటలకు కావలసిన పులుపు కోసం నాటు టమాటానే పెడతానంటే నేను వద్దనను, కాని కాపు కొంచెం తక్కువగా ఉంటుందని ముందే తెలుసుకొని పెట్టండి.

ఆకుకూరలకు నారు అక్కరలేదు. తోటకూర విత్తనం మరీ సన్నం కాబట్టి నాలుగింతల పొడి ఇసుకలో కలిపి చల్లితే గుత్తులుగా పడదు. 25, 30 రోజులకు కోతకు వస్తుంది. మెంతి మూడు వారాలకు వస్తుంది. ధనియాలను అరచేతితో రుద్ది రెండు బద్దలుగా చేసి, రాత్రంతా నానబెట్టి చల్లాలి. మొలక రావడానికి పది రోజులు పట్టవచ్చు కాబట్టి వారానికే నిరాశపడి మట్టి తిరగేయకండి. కొత్తిమీరకు వేడి గిట్టదు, ఫిబ్రవరి దాటాక మన ఎండకు అది పూతకు వెళ్లిపోతుంది. గోంగూర మాత్రం ఏ కాలమైనా మొరాయించకుండా వస్తుంది. నార కోసం మన జిల్లాల్లో వేసే గోగు దీనికి దగ్గరి బంధువే గనుక ఈ నేల దానికి కొత్త కాదు.

నాటే రోజు సాయంత్రం పూట ఎంచుకోండి. టమాటా మొక్కను కింది రెండు ఆకులు తీసేసి కాండం సగం దాకా పాతితే, పాతిన భాగం నుంచి కూడా వేళ్లు పుడతాయి. వంగకు, మిరపకు అలా చేయకండి, ట్రేలో ఎంత లోతున ఉందో అంతే లోతున నాటండి. అప్పుడే పక్కన కర్ర గుచ్చేయండి, మొక్క పెరిగాక గుచ్చితే వేరు తెగుతుంది. బెండ, బరబాటి (అలసంద) నేరుగా కుండీలోనే విత్తాలి. బెండ 45 నుంచి 50 రోజులకు కాపుకు వస్తుంది, అక్కడి నుంచి రోజు విడిచి రోజు కోయకపోతే కాయ ముదిరి, మొక్క కొత్త పూత ఆపేస్తుంది.

పాదులకు ఇంకొక పని ఉంది. మేడ మీద తేనెటీగలు తక్కువగా తిరిగే చోట ఆనప పిందెలు పసుపెక్కి రాలిపోతుంటే చేతితో పుప్పొడి అంటించాలి. మొదట వచ్చేవన్నీ మగపూలే. ఆడపువ్వుకు రేకుల కింద బుల్లి ఆనపకాయ కనిపిస్తుంది. ఆనప, బీర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి, కాకర, దోస పూలు ఉదయం విచ్చుకుంటాయి. ఆ వేళ తెలియక పొద్దున్నే మేడ ఎక్కి వాడిన ఆనప పువ్వును రుద్దేవారు చాలామంది ఉన్నారు. సాయంత్రం దీపం పెట్టే వేళకు ఒక మగపువ్వు తెంపి, రేకులు ఒలిచి, ఆడపువ్వు నడుమ మెల్లగా తాకించండి.

నీరు

రోజుకు ఇన్ని లీటర్లని లెక్క చెప్పడం తప్పు. చూపుడు వేలిని రెండో కణుపు దాకా మట్టిలో గుచ్చి చూడండి. అక్కడ తడి తగిలితే ఆ పూట నీరు పోయకండి, పొడిగా ఉంటే అడుగు రంధ్రం నుంచి నీరు కారే దాకా పోయండి. పైపైన గ్లాసెడు పోసి ఊరుకుంటే వేళ్లు పై పొరలోనే చిక్కుకుంటాయి, తొలి ఎండకే మొక్క వాలిపోతుంది. టమాటా కాయ అడుగున నల్లటి మచ్చ పడి కుళ్లితే అందరూ సున్నం లోపమని గుడ్డు పెంకులు వేస్తారు. పెంకులు కరగడానికి నెలలు పడతాయి. చాలాసార్లు అసలు కారణం మట్టి ఒకరోజు ఎండిపోయి మరునాడు మునిగిపోవడమే, ఎందుకంటే కాయకు సున్నం చేరేది నీటితో పాటే.

సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్లలో బోరు నీటిలో ఉప్పు ఉంటుంది. కుండీ అంచున, మట్టి పైన తెల్లటి పొర పేరుకుంటే అది దాని గుర్తు. అటువంటి చోట నెలకొకసారి కుండీ పరిమాణానికి రెండింతల మంచినీటిని నెమ్మదిగా పోసి ఉప్పును కిందికి కడిగేయాలి. అవకాశం ఉంటే ఒక డ్రమ్ములో వాన నీరు పట్టి, మూత వేసి, నారుకు దాన్నే వాడండి.

ఎరువు

కుండీలో పోసిన ప్రతి చెంబు నీటితోనూ కొంత సారం కిందికి పోతుంది, కాబట్టి కొద్దికొద్దిగా, తరచుగా వేయడం మేలు. ఇరవై రోజులకొకసారి రెండు గుప్పెళ్ల వానపాముల ఎరువు వేసి, పై మట్టిని బొరిగెతో అంగుళం లోతు కదపండి. పదిహేను రోజులకొకసారి జీవామృతం పోయండి. పొలానికి చెప్పే 200 లీటర్ల కొలతను ఇంటికి తగ్గిస్తే, 10 లీటర్ల నీటికి అర కిలో ఆవు పేడ, అర లీటరు ఆవు మూత్రం, 100 గ్రాముల బెల్లం, 100 గ్రాముల శనగపిండి, గుప్పెడు గట్టు మట్టి అవుతుంది. నీడన ఉంచి పూటకొకసారి కర్రతో కలుపుతూ రెండు రోజులు పులియనిచ్చి, పదింతల నీటిలో కలిపి కుండీకి అర లీటరు చొప్పున పోయండి. వారం దాటినది వాడకండి.

చేపలు కడిగిన నీరు మన ఇళ్లలో వెనకటి నుంచీ మొక్కలకు పోస్తున్నదే, అది మంచిదే. అందులో ఉప్పు, పసుపు వేయకముందు కడిగిన తొలి నీటిని మాత్రమే పోయండి. ఉప్పు వేసిన గంజి వద్దు.

పురుగులు

రోజూ ఆకు తిరగేసి చూసే అలవాటుకు సాటి వచ్చే మందు లేదు. పేనుబంక, తెల్లదోమ, పిండినల్లి కనిపిస్తే లీటరు నీటిలో ముందుగా కొంచెం కుంకుడు రసం కలిపి, తరువాత 5 మిల్లీలీటర్ల వేపనూనె వేసి బాగా గిలకొట్టి, సూర్యుడు వాలాక ఆకుల అడుగు తడిసేలా చల్లండి. వారానికొకసారి మూడు వారాలు చల్లితే గాని అదుపులోకి రావు. ఎండలో చల్లితే ఆకు మాడుతుంది.

మిరపలో ఆకు ముడతను చూసి రకం పోల్చుకోవచ్చు. ఆకు అంచులు పైకి ముడుచుకుంటే తామర పురుగులు, కిందికి ముడుచుకుంటే నల్లి. వంగలో పొద్దున్నే ఒక్క కొమ్మ చివర మాత్రం వాలి ఉంటే లోపల కొమ్మను తొలిచే పురుగు ఉన్నట్లే. ఆ చివరను రెండంగుళాల కింది నుంచి తుంచి, కుప్పలో పారేయకుండా కాల్చేయండి. ఒక్క వారం అశ్రద్ధ చేస్తే అదే పురుగు కాయల్లోకి దిగుతుంది. బెండ ఆకుల ఈనెలు పసుపెక్కితే పల్లాకు తెగులు, దానికి మందు లేదు, మొక్క పీకేయడమే. కోతులున్న ఊళ్లలో కాయగూరలు తగ్గించి పుదీనా, మిరప, కాకర పెట్టుకోండి. వాటి జోలికి అవి తక్కువగా వస్తాయి.

ఎండాకాలం

పగలు 35 డిగ్రీలు దాటిన రోజుల్లో టమాటా పూత కాయగా మారకుండా రాలిపోతుంది. ఏప్రిల్‌లో దాన్ని బతికించడానికి పడే పాటు దండగ అని నా అభిప్రాయం. మార్చి చివరకు టమాటాలు పీకేసి, వంగను మాత్రం సగానికి కత్తిరించి ఎరువు వేయండి, తొలకరి వేళకు మళ్లీ చిగిర్చి కాస్తుంది. ఎండకు ఓర్చే గోంగూర, తోటకూర, బచ్చలి, బెండలను మిగిల్చి, 50 శాతం నీడనిచ్చే షేడ్ నెట్‌ను తల ఎత్తున కట్టండి. కుండీలను దగ్గర దగ్గరగా జరిపితే ఒకదాని నీడ మరొకదాని పక్కలకు పడుతుంది. మట్టి మీద రెండంగుళాల మందాన వరిగడ్డి గాని, గుండ్రంగా కత్తిరించిన గోనె ముక్క గాని కప్పండి. నీరు తెల్లవారుజామున ఒకసారి, పొద్దు వాలాక ఒకసారి పోయండి; మధ్యాహ్నం మేడ మీది గొట్టంలో నీరు చేయి కాలేంత వేడిగా ఉంటుంది, దాన్ని మొక్కకు పోయకండి.

ఖాళీ అయిన కుండీల మట్టిని ఈ ఎండలోనే శుద్ధి చేసుకోవాలి. మేడ మీద పలుచగా పరచి, తడిపి, పారదర్శకంగా ఉండే పాలిథిన్ పట్టా కప్పి అంచులకు ఇటుకలు పెట్టి నాలుగు నుంచి ఆరు వారాలు వదిలేయండి. లోపలి వేడికి పురుగు గుడ్లు, చాలా రకాల తెగుళ్లు చస్తాయి. ఆ మట్టిని బస్తాలకెత్తి వానకు తడవకుండా దాచండి.

వానలు, తుపాను

జూన్ నుంచి సెప్టెంబరు దాకా తోటను సగానికి కుదించండి. పాదులు, బెండ, బచ్చలి, కత్తిరించి ఉంచిన వంగ ఉంటే చాలు. రంధ్రాల్లో మట్టి గట్టిపడి నీరు నిలుస్తుంటే కింద నుంచి పుల్లతో పొడవండి. నత్తలు రాత్రి ఎనిమిది తరువాత బయటికి వస్తాయి, టార్చి వేసుకుని ఏరి ఉప్పు నీళ్ల బకెట్టులో వేయండి.

ఇక అక్టోబరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ మన తీరాన్ని తాకాయి. తిత్లీకి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలే నేలకొరిగాయంటే మేడ మీది బకెట్టు ఎంత? గాలికి లేచిన కుండీ పక్కింటి రేకు మీదనో, దారినపోయే మనిషి మీదనో పడే ప్రమాదం ఉంది కాబట్టి ఈ జాగ్రత్త మొక్క కోసం మాత్రమే కాదు. తుపాను హెచ్చరిక వెలువడిన రోజే పిట్టగోడ మీద, స్టాండ్ల మీద ఉన్నవన్నీ కిందికి దించండి. షేడ్ నెట్టు విప్పేయండి, లేకపోతే అది తెరచాపలా గాలి పట్టి కర్రలతో సహా ఎగిరిపోతుంది. పాదుల పందిరి తాళ్లు కోసి తీగను నేల మీద పరచండి. కోతకు వచ్చినవన్నీ, పిందెలతో సహా కోసేయండి. తేలిక పెట్టెలను మెట్ల గదిలోకి చేర్చండి. ఎత్తలేని పెద్ద కుండీలను గోడ మూలకు జరిపి, ఒకదానికొకటి ఆనించి, వాటి నడుము చుట్టూ తాడు బిగించండి. మొక్క పొడుగ్గా ఉంటే కుండీని పక్కకు పడుకోబెట్టడమే క్షేమం, అప్పుడు అది దొర్లకుండా రెండు వైపులా ఇటుకలు పెట్టాలి. పడుకోబెట్టిన కుండీలో నీరు నిలవదు కూడా. అన్నిటికీ ముందు వాన నీటి గొట్టం నోరు శుభ్రం చేయండి, రాలిన ఆకులతో అది మూసుకుపోతే మేడంతా చెరువవుతుంది.

తుపాను వెళ్లిన మర్నాడు ఎండ ఎక్కక ముందే మేడ ఎక్కండి. సముద్రపు గాలి తెచ్చిన ఉప్పు తుంపర ఆకుల మీద ఉంటుంది, ఆ రోజే మంచినీటితో కడగకపోతే రెండు మూడు రోజుల్లో ఆకులు అంచుల నుంచి మాడుతాయి. కుండీలను నిలబెట్టి, విరిగిన కొమ్మలను పదునైన కత్తితో తీసి, పై మట్టిని కదిపి గాలి ఆడనివ్వండి. వారం దాకా ఎరువు వేయకండి, నలిగిన వేరు దాన్ని తీసుకోలేదు. వేరు కదిలిపోయి మూడో రోజుకు కూడా తలెత్తని మొక్కను పీకి, వేళ్లు తీసి, ఆ మట్టిలో నాలుగో వంతు కొత్త గత్తం కలపండి. వంగ, టమాటా, మిరప ఒకే కుటుంబానివి గనుక వాటిలో ఒకటి చనిపోయిన కుండీలో మరొకటి పెట్టకుండా మెంతులు చల్లి, బస్తాల్లో దాచిన ఎండ మట్టిని కొత్త నారు కోసం కిందికి దించండి.